మండువా ఇంటి పొయ్యి మార్చే ముందు

చి॥ మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. పొయ్యి వెనక గోడ నడుం ఎత్తు నుంచి కప్పు దాకా నల్లగా ఉంది. చిమ్నీ పెట్టించనా, ఇండక్షన్ కొననా, గోబర్ గ్యాస్ వేయించనా అని మూడూ ఒక్కసారే అడిగావు. చెప్తాను గానీ, నీ మెసేజ్‌లో మీ ఆవిడ ఏమంటోందో, మా వదిన ఏమంటోందో ఒక్క ముక్కా లేదేం? పొయ్యి ముందు కూర్చునేది వాళ్ళు. నువ్వు శెలవులకి వచ్చినప్పుడు కాఫీ తాగి పోయేవాడివి.

అన్నిటికన్నా ముందు ఒక పని ఇవాళే చెయ్యి. ఫొటోలో కట్టెల పొయ్యికి రెండడుగుల్లో గ్యాస్ సిలిండర్ కనబడింది. దాన్ని అక్కణ్ణుంచి తీయించు. వంటగ్యాస్ గాలికంటే బరువు. లీకయితే పైకి పోదు, నేలబారున పాకుతుంది. మన వంటిల్లేమో వసారాకి ఒక మెట్టు దిగువ. అక్కడ నిప్పుకణిక ఉంటే ఇంక చెప్పేదేముంది. పొయ్యి మార్చడం నెల ఆగినా ఫర్వాలేదు, ఇది ఆగదు.

ఇక అసలు సంగతి. ఆ పొయ్యి ఏమేం పనులు చేస్తోందో మీ అమ్మ దగ్గర కూర్చుని ఒక కాగితం మీద రాసుకో. పొద్దున్న కాఫీ, రెండుపూటలా అన్నం కూర, ఇంటిల్లిపాదికీ స్నానాల నీళ్ళు, పక్కన దాలిలో, అదే పిడకల నిప్పు గుంటలో, పాలు. పండక్కి అరిసెల పాకం, తద్దినానికి పెద్ద గిన్నెలు. ఇన్ని పనులు చేసేదాని బదులు ఒక్క వస్తువు కొనుక్కొచ్చి పెట్టేస్తే సరిపోతుందనుకోవడం దగ్గరే తిరకాసు ఉంది. 1999లో ప్రభుత్వం గ్యాస్ కనెక్షన్లిచ్చే దీపం పథకం వచ్చాక పల్లెల్లో ఎందరికో గ్యాస్ పొయ్యి అమిరింది. అయినా పెరట్లో నీళ్ళ కాగు కింద మంట ఆరలేదు. 14.2 కిలోల సిలిండర్‌తో పది మందికి స్నానాల నీళ్ళు కాస్తే ఎన్నాళ్ళొస్తుంది? మరి కొబ్బరి డొక్కలు, మట్టలు ఊరికే పడి ఉంటాయి.

కాబట్టి నా మాట ఇది. రోజువారీ వంట గ్యాస్ మీదికి మార్చు. కట్టెల పొయ్యిని పడగొట్టేసి ఊరుకోకు, వంటింట్లోంచి పెరట్లోకి మార్చు.

వంటింట్లో గట్టు కట్టించేటప్పుడు పొయ్యి సిలిండర్ కన్నా ఎత్తులో ఉండాలి. గొట్టం మీటరున్నర మించకూడదు, అయిదేళ్ళకోసారి మార్చాలి, దాని మీద తేదీ ఉంటుంది చూసుకో. గోడకి అడుగున, నేలకి దగ్గరగా ఒక జాలీ పెట్టించు. మేస్త్రీ పైన కిటికీ ఉంది కదండీ అంటాడు. వినకు.

ఇండక్షన్ కొను, తప్పులేదు. కాఫీకి, పాలకి, వానాకాలం సిలిండర్ అయిపోయినప్పుడు పనికొస్తుంది. కానీ 2000 వాట్లు లాగే వస్తువుని ఆ పాత వైరింగుకి తగిలించకు. దానికి వేరే లైను, ఎర్తింగు, 16 యాంపుల ప్లగ్గు వేయించు. మీ అమ్మ సత్తు గిన్నెలు, ఇత్తడి గిన్నెలు మామూలు ఇండక్షన్ మీద వేడెక్కవు, అయస్కాంతం అంటుకునే అడుగు ఉండాలి. పూర్తిగా దాన్నే నమ్ముకుంటానంటావా, 1996 నవంబరు తుపాను తర్వాత కోనసీమలో కరెంటు లేని రోజులు మీ నాన్నని అడుగు.

గోబర్ గ్యాస్ నీకు కాదు. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకి రోజుకి యాభై కిలోల పేడ కావాలి, అంటే నాలుగైదు పశువులు. మీకున్నది ఒక్క గేదె. పైగా మన లంక నేలల్లో వానాకాలం నాలుగడుగులు తవ్వితే నీళ్ళు. ఆ ఒక్క గేదె పేడ పిడకలు కొట్టించు, దాలికి సరిపోతాయి. దాలిలో ఎర్రగా కాగిన పాల మీగడకి గ్యాస్ మీద కాచినది సాటి రాదు, ఈ విషయంలో మాత్రం నేను మా వదిన పక్షమే.

ఇప్పుడు చిమ్నీ, అంటే పొగగొట్టం. అసలు మన పొయ్యి ఎందుకు పొగ కక్కుతుందో తెలుసా? గొట్టంలో గాలి వేడెక్కి తేలికై పైకి లేస్తుంది, దాని వెనకే కింద నుంచి కొత్త గాలి వస్తుంది. గొట్టం ఎంత పొడుగుంటే, లోపల ఎంత వేడిగా ఉంటే అంత బాగా లాగుతుంది. మన గొట్టం పెంకుల పైకి జానెడే లేచింది, ఇంటి కొప్పు దానికన్నా నిలువెత్తు పైన ఉంది. నైరుతి గాలి కొప్పు దాటి కిందికి దూకి, నేరుగా గొట్టంలో పడుతుంది. పొయ్యి వెలిగించని రోజున కూడా అందులోంచి గాలీ, వాన జల్లూ దిగుతాయి. మా నాయనమ్మ అయితే మీద పాత గోనెసంచి కప్పించేది, పొయ్యి వెలిగించినప్పుడు తీయడం ఎవరికీ గుర్తుండేది కాదు.

పొగరాని పొయ్యి కొత్తదేం కాదు. 1950ల్లోనే హైదరాబాదులో ఎస్.పి. రాజు గారనే ఇంజనీరు ఇలాంటిది తయారుచేశారు. 1980ల్లో ప్రభుత్వం కూడా ఊరూరా పెట్టించింది. చాలా ఇళ్ళలో మసి దులిపేవాళ్ళు లేక గొట్టాలు పూడుకుపోయాయి. నువ్వు కట్టించేదానికి దులపడానికి వీలుగా అడుగున ఒక మూత పెట్టించు.

పెరటి పొయ్యి ఇటుక, బంకమట్టితో కట్టించు. వట్టి ఒండ్రుమట్టి ఎండగానే పగుళ్ళిస్తుంది, ఇసుక, ఊక కలిపి తొక్కించాలి. సిమెంటు వద్దు, వేడికి పెచ్చులూడుతుంది. అడుగున ఇనుప జాలీ వేస్తే కింద నుంచి గాలి తగిలి డొక్క పొగ లేకుండా మండుతుంది. నోరు నైరుతికి ఎదురుగా పెట్టకు. గొట్టం కొప్పుని రెండడుగులన్నా దాటాలి, మీద టోపీ ఉండాలి. తాటాకు పాకకి దూరంగా రేకుల కింద కట్టించు. ఆగ్నేయం అంటారు పెద్దవాళ్ళు, సరే ఆగ్నేయమే, కానీ పశువుల పాక కూడా ఆ మూలే ఉంది. అది చూసుకో. డొక్కలు వానకి తడవకుండా ఎత్తుగా అటక కట్టించు. తడి డొక్క ఏ పొయ్యిలో వేసినా పొగే.

నీళ్ళకి కాగు బదులు రాగి బాయిలర్ కొనొచ్చు, మధ్యలో గొట్టం ఉండటంతో డొక్కలు తక్కువ పడతాయి. దాన్ని మాత్రం స్నానాల గదిలోకి తేవద్దు. బొగ్గుల కుంపటి గానీ, గ్యాస్ గీజరు గానీ మూసిన గదిలో పెడితే వాసన లేని విషవాయువు పుడుతుంది, మనిషికి తెలిసేలోగా స్పృహ పోతుంది. గీజరు పెడితే గోడ బయట పెట్టించి, గొట్టం ద్వారా నీళ్ళు లోపలికి తీసుకో.

వంటింటి పాత గొట్టం తీసేసి, ఆ కన్నం పెంకులు సర్ది మూయించు. మీ అమ్మ పొగ లేకపోతే వాసాలకి పురుగు పడుతుందంటుంది. అందులో కొంత నిజముంది. వాసాలకి మందు రాయిద్దామని చెప్పు, ఆవిడ కళ్ళకి రాసే మందు కన్నా చవక.

పెద్ద కాగు అడుగు వెడల్పు, అరిసెల మూకుడు వెడల్పు కొలిచి పంపు. పొయ్యి కన్నాలు ఆ కొలతకే ఉండాలి. మేస్త్రీ వచ్చాక మీ ఆవిడ చేత ఫోన్ చేయించు, నువ్వు చెయ్యకు.

మీ అత్తయ్య