నాన్నగారి షెడ్లు బాగుచేయిస్తే ఆ ఖర్చు ఎవరి ఖాతాలోకి?

ప్రశ్న: మాది నెల్లూరు నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడిన కుటుంబం. నాన్నగారు కొరుక్కుపేటలో స్థలం కొని ఫౌండ్రీ నడిపారు. మూడు షెడ్లు. 2022లో విల్లు రాయకుండానే పోయారు. అమ్మ, నేను, తమ్ముడు, ఇద్దరు చెల్లెళ్లు ఉన్నాం. ఒక షెడ్డులో తమ్ముడు పని నడుపుతున్నాడు. కప్పు కారుతున్న మిగతా రెండూ నా డబ్బుతో బాగుచేయించి, ఒకదాంట్లో నాన్నగారి పేరున పిల్లలకు లేత్, వెల్డింగ్ నేర్పే సెంటర్ పెట్టి, రెండోది అద్దెకివ్వాలని ఉంది. 40 లక్షలవుతుందని మేస్త్రీ లెక్క చెప్పాడు. చెల్లెళ్లు ఫోన్లో సరేనన్నారు. చిన్నామె అమెరికాలో ఉంటుంది. సంతకాలు అడగాలంటే మొహమాటంగా ఉంది. అడగాల్సిందేనా?
- ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: అడగాల్సిందే. అదీ మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వకముందే.

స్థలం నాన్నగారి స్వార్జితమైతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం మీ అమ్మగారికీ, మీ నలుగురికీ తలా ఐదో వంతు వస్తుంది. పెళ్లిళ్లయి వెళ్లిపోయారు కదా అని చెల్లెళ్ల వాటా తగ్గదు. ఇక్కడ చాలామంది మరిచిపోయే మనిషి ఒకరున్నారు, మీ నాయనమ్మ. 2022లో ఆవిడ బతికే ఉంటే ఆవిడకూ సమాన వాటా ఉంటుంది, అప్పుడు వాటాలు ఆరు. తర్వాత ఆవిడ కూడా విల్లు లేకుండా పోయి ఉంటే ఆ ఆరో వంతులో మీ మేనత్తలకు, బాబాయిలకు భాగం వస్తుంది. తాసిల్దారు ఇచ్చిన వారసుల సర్టిఫికెట్‌లో ఆవిడ పేరు ఉందో లేదో ఈరోజే చూడండి.

‘నాన్నగారు కొన్నారు’ అన్నారు. ఎవరి పేరున కొన్నారు? దస్తావేజులో ఆయన సొంత పేరు ఉందా, పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ పేరు ఉందా? ఫర్మ్ ఆస్తయితే లెక్కంతా మారుతుంది. ఫర్మ్ ఆస్తిలో భూమి ఉన్నా పార్ట్‌నర్ వాటా చరాస్తి కిందికే వస్తుందని 1966లో సుప్రీంకోర్టు అద్దంకి నారాయణప్ప కేసులో చెప్పింది. అప్పుడు వారసులకు దక్కేది ఫర్మ్ లెక్కలు తేల్చాక వచ్చే సొమ్మే, ఫలానా షెడ్డు అని కాదు. ఇంకో మాట. ఫౌండ్రీ నడిపినవాళ్ల అసలు దస్తావేజు చాలాసార్లు బీరువాలో ఉండదు, వ్యాపారం కోసం తీసుకున్న క్యాష్ క్రెడిట్ లోనుకు తాకట్టుగా బ్యాంకులో ఉంటుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తీయించండి, బ్యాంకులోనూ కనుక్కోండి.

ఇక 40 లక్షల సంగతి. ఉమ్మడి ఆస్తి మీద ఒకరు సొంతంగా ఖర్చుపెట్టినంత మాత్రాన అది మిగతావాళ్ల అప్పయిపోదు. పార్టిషన్ (పంపకం) దావా పడితే, బాగుచేసిన భాగాన్ని వీలైనంత వరకు ఖర్చుపెట్టిన వాళ్లకే కేటాయించాలని కోర్టులు చూస్తాయి. అది కోర్టు న్యాయబుద్ధితో చేసే సర్దుబాటు, మీ హక్కు కాదు. పంచడం కుదరని ఆస్తి అనుకుంటే 1893 పార్టిషన్ చట్టం కింద అమ్మి సొమ్ము పంచమనీ అనవచ్చు. నా దగ్గరికి ఒకాయన సిమెంటు, రేకులు, ఇనుము బిల్లులు చెప్పుల డబ్బా నిండా తెచ్చారు, రబ్బరుబ్యాండ్లు వేసి, నెలల వారీగా. చెల్లెలి లాయరు అడిగింది ఒక్కటే ప్రశ్న: ‘మా క్లయింటు ఖర్చుపెట్టమందా?’ డబ్బాలో దానికి జవాబు లేదు.

నన్నడిగితే రిజిస్టర్డ్ పార్టిషన్ డీడ్ మేలు. తమ్ముడికి అతను నడుపుతున్న షెడ్డు, మీకు మీరు బాగుచేయాలనుకున్నవి, అమ్మకూ చెల్లెళ్లకూ వాళ్ల వాటా డబ్బుగానో మరో ఆస్తిగానో ఇవ్వండి. వాళ్లు వాటా వద్దంటే, దాన్ని మీకు వదులుకుంటున్నట్టు రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్. తెల్లకాగితం మీద ‘మాకేం వద్దు’ అని రాయించుకుంటే హక్కు బదిలీ కాదు. పంపకం ఇప్పుడే ఇష్టం లేకపోతే కనీసం ఒక అగ్రిమెంటు ఉండాలి. ఖర్చు ఎవరిది, దాన్ని అద్దెలోంచి ఎలా రాబట్టుకుంటారు, పంపకంలో ఎలా లెక్కిస్తారు, అన్నీ రాయండి. ఆస్తి ఉమ్మడిగా ఉన్నంతకాలం అద్దె కూడా అందరిదే. సెంటర్‌ను ట్రస్టుగా నడిపే ఆలోచన ఉంటే అది పంపకం తర్వాతే.

సెంటర్‌కి కాగితాలు వేరే. పాత కప్పు మార్చడం ఒకటి, ఫ్యాక్టరీ షెడ్డును ట్రైనింగ్ సెంటర్‌గా మార్చడం ఇంకొకటి. వాడకం మారితే ప్లానింగ్ అనుమతి కావాలి, సీఎండీఏ (చెన్నై నగరాభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్‌లో ఆ స్థలం ఏ జోన్‌లో ఉందో ముందు చూసుకోండి. ఈబీ (కరెంటు) కనెక్షన్ ఫ్యాక్టరీదే ఉంచి క్లాసులు నడిపితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు టారిఫ్‌తో బిల్లు వేస్తారు. తమ్ముడి షెడ్డుకూ అదే మీటరైతే గొడవ అతని మెడకూ చుట్టుకుంటుంది. 

మొహమాటం గురించి: సంతకం అడగకండి, డ్రాఫ్టు పంపండి. వాళ్ల లాయరుకు చూపించుకోమనండి. అమెరికాలో ఉన్నామె రాలేకపోతే అక్కడి ఇండియన్ కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పోస్టులో పంపవచ్చు. అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. కవరు మీద తేదీ చెరిగిపోకుండా దాచండి.