రైలు కట్ట మీదికి పశువులు పోకుండా ఏం పెట్టాలి?

ప్రశ్న: నమస్తే సార్. మాది పెద్దపల్లి జిల్లా ఓదెల మండలం. మా చేనుకూ కాజీపేట–బల్లార్షా రైలు పట్టాలకూ మధ్య ఒక బీడు మాత్రమే ఉంది. నాకు ఐదు బర్రెలు, ఒక జత ఎడ్లు, పదిహేను మేకలు ఉన్నాయి. పోయిన ఎండాకాలంలో ఒక చూడి బర్రె రైలు కింద పడి పోయింది. అప్పటి నుంచి రైలు కూత వింటే చాలు టెన్షన్. ఒకరు సోలార్ కంచె పెట్టమంటున్నారు, ఇంకొకరు మెడకు జీపీఎస్ బెల్టు కట్టమంటున్నారు, మోత చేసే మిషన్లు కూడా వచ్చాయంటున్నారు. మోటారు కరెంటే తీగకు ఇస్తే ఖర్చు తగ్గుతుందని మా పక్క రైతు సలహా. ఏది పనిచేస్తుంది? పశువు చనిపోతే రైల్వే వాళ్లు పరిహారం ఇస్తారా?

జవాబు: ముందు కరెంటు సంగతి తేల్చేద్దాం. మోటారు కరెంటు గానీ ఇంటి కరెంటు గానీ కంచె తీగకు ఇవ్వకండి. 230 వోల్టుల కరెంటు ఆగకుండా పారుతుంది, పట్టుకున్న చెయ్యి వదలదు. మన జిల్లాల్లో పందుల కోసం కట్టిన ఇలాంటి తీగలకు తగిలి రాత్రి నీళ్లు పెట్టడానికి పోయిన రైతులే చనిపోతున్నారు. కట్టినవాళ్ల మీద కేసులు అవుతున్నాయి. సోలార్ కంచెలో ఉండే జట్కా మిషన్ పద్ధతి పూర్తిగా వేరు. దాని వోల్టేజీ ఐదు వేల నుంచి పది వేల దాకా ఉన్నా, ఆ దెబ్బ సెకనులో అతి చిన్న భాగం సేపే ఉంటుంది. రెండు దెబ్బల మధ్య కనీసం ఒక సెకను విరామం ఉంటుంది. ఆ విరామంలో పశువైనా మనిషైనా వెనక్కి తగ్గొచ్చు. నొప్పి పెడుతుంది, ప్రాణం తీయదు. ఐఎస్ఐ ప్రమాణాలకు సరిపోయే మిషన్ అని బిల్లు మీద రాయించుకుని కొనండి. సంతలో దొరికే పేరులేని పెట్టెలు వద్దు.

ఇక అసలు విషయం. మీ బర్రె పట్టాల మీదికి ఎందుకు పోయిందో ఆలోచించారా? చనిపోయింది ఎండాకాలంలో అని మీరే రాశారు. యాసంగి కోతలు అయిపోయి, కొయ్యకాళ్లు కాల్చేశాక చేలల్లో పచ్చి పరక కనపడదు. రైలు కట్ట పక్కన గుంతల్లో మాత్రం ఇంకా కొంత నీరు, తుంగ, గడ్డి ఉంటాయి. కట్ట వేసేటప్పుడు మట్టి తవ్విన గుంతలు అవి. బర్రె చర్మంలో చెమట గ్రంథులు తక్కువ కాబట్టి ఎండకు అది బురద కోసం, నీళ్ల కోసం వెతుక్కుంటూ పోతుంది. మధ్యాహ్నం గుంతలో పడుకుంటుంది, సాయంత్రం మంద ఇంటి ముఖం పట్టినప్పుడు కట్ట దాటుతుంది. ఆ దారిలో ఒక రైలు వస్తే అంతే. మీ మార్గంలో 2022 నుంచి రైళ్లను గంటకు 130 కిలోమీటర్ల వేగం దాకా నడపడానికి అనుమతి ఉంది. అంటే సెకనుకు 36 మీటర్లు. అర కిలోమీటరు దూరంలో కనిపించిన బండి పద్నాలుగు సెకన్లలో దగ్గరికి వచ్చేస్తుంది. డ్రైవర్ బ్రేకు వేసినా అంత వేగంలో ఉన్న బండి ఆగడానికి కిలోమీటరు దాకా పట్టొచ్చు. పైగా కట్ట ఎత్తుగా ఉన్న చోట, రెండు వైపులా తవ్వి పట్టాలు దించిన చోట, బెదిరిన పశువు పక్కకు దిగదు. పట్టాల వెంటే రైలుకు ముందు పరుగెత్తుతుంది. మంద ఒక పశువు వెనకాల పోతుంది కాబట్టి ఒకటి పోతే నాలుగు పోతాయి.

అందుకే నా సలహా ఒకటే: పట్టాలకు కంచె కట్టాలని చూడకండి, మీ మేతకు కంచె కట్టండి. పట్టాలకు కంచె కట్టడం రైల్వే చేయాల్సిన పని. అది ఎంత పెద్ద పనో పశ్చిమ రైల్వే అనుభవం చూస్తే తెలుస్తుంది. 2022 సెప్టెంబరు 30న గాంధీనగర్–ముంబై వందే భారత్ మొదలైంది. వారం తిరగకుండా అక్టోబరు 6న అహ్మదాబాద్ దగ్గర వట్వా ప్రాంతంలో బర్రెల మందను ఢీకొని దాని ముందు భాగం ఊడింది. మర్నాడు ఆణంద్ దగ్గర ఒక ఆవు తగిలింది. ఆ తర్వాత ముంబై–అహ్మదాబాద్ మధ్య దాదాపు 620 కిలోమీటర్ల పొడవున, హైవేల పక్కన కనిపించే లాంటి ఇనుప పట్టీల కంచె కట్టాల్సి వచ్చింది. మీరు ఒక వైపు వంద మీటర్ల తీగ లాగితే బర్రె దాని కొసదాకా నడిచి చుట్టు తిరిగి పోతుంది. అదే తీగతో ఎకరం నేలను చుట్టేస్తే దానికి పోయే దారి ఉండదు. ఎకరం చదరంగా ఉంటే చుట్టుకొలత సుమారు 255 మీటర్లు. రెండు వరసలకు 510 మీటర్ల తీగ సరిపోతుంది.

బర్రెలకూ ఎడ్లకూ రెండు వరసలు చాలు. కింది తీగ నేలకు అడుగున్నర ఎత్తులో, పై తీగ మూడు అడుగుల ఎత్తులో ఉండాలి. కంచె ఫెయిలయిందని నాకు ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది సమస్య మిషన్‌లో ఉండదు, ఎర్తింగ్‌లో ఉంటుంది. పశువు తీగను తాకినప్పుడు కరెంటు దాని ఒంట్లోంచి నేలలోకి, నేలలోంచి ఎర్తు కడ్డీకి, అక్కడి నుంచి మిషన్‌కు తిరిగి రావాలి. ఏప్రిల్, మే నెలల్లో మీ నేల రాయిలా ఎండిపోతుంది, ఆ దారి తెగిపోతుంది. పశువుకు సరిగ్గా కంచె కావాల్సిన నెలల్లోనే అది పనిచేయదన్న మాట. ఆరడుగుల కడ్డీలు మూడు, ఒకదానికొకటి పది అడుగుల ఎడంలో, బోరు దగ్గరో కుడితి తొట్టి దగ్గరో తడి ఉండే చోట దించండి. వారానికోసారి నాలుగు బిందెల నీళ్లు పోయండి. ఇంకో కారణం, తీగకు తగులుతూ పెరిగే గడ్డి. వానాకాలంలో గడ్డి తగిలిన ప్రతిచోటా కొంత కరెంటు నేలలోకి పోతుంది. చివరికి తీగలో దెబ్బ మిగలదు. చిన్న వోల్టు మీటరు కొని దగ్గర పెట్టుకోండి. కంచె మొత్తంలో ఎక్కడ పెట్టి చూసినా మూడు వేలకు తగ్గకూడదు.

పశువుకు కంచె నేర్పించాలి. ఇది చాలామంది వదిలేసే పని. తీగ బిగించిన రోజే మందను లోపలికి తోలితే, బెదిరిన ఒక ఎద్దు తీగను తెంపుకుని పోతుంది, దాంతో అది మళ్లీ మళ్లీ తెంపడం నేర్చుకుంటుంది. కొట్టం పక్కన చిన్న దొడ్డిలో ఒక తీగ కట్టి, దాని అవతల పచ్చిమేత పెట్టి, రెండు మూడు రోజులు పశువులను అందులో ఉంచండి. అవి మెల్లగా వచ్చి తడి ముక్కుతో తీగను వాసన చూస్తాయి. ముక్కు మీద పడిన దెబ్బ మరిచిపోవు. తర్వాత ఎప్పుడైనా కరెంటు లేకపోయినా తీగను చూసి దూరంగానే ఉంటాయి. తీగకు అక్కడక్కడా తెల్ల గుడ్డ పీలికలు కట్టండి, మసక వెలుతురులో కనిపిస్తాయి.

మీలాంటి రైతులకు ఒక జాగ్రత్త ప్రత్యేకంగా చెప్పాలి. మీ పట్టాల పైన 25,000 వోల్టుల కరెంటు తీగ ఉంది. దానికి సమాంతరంగా, దగ్గరలో, పొడవుగా ఇనుప తీగ లాగితే మీ మిషన్ ఆపేసి ఉన్నా తీగలో కరెంటు పుట్టే అవకాశం ఉంది. అందుకే కంచెను పట్టాల వైపు కాకుండా చేను లోపలికి, ఎంత దూరంగా వీలైతే అంత దూరంగా కట్టండి. రైల్వే హద్దు రాయి దాటి ఒక్క గుంజ కూడా పాతవద్దు. వాళ్ల ఎర్తు కడ్డీలకు, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తుకు మీ కడ్డీలు కనీసం పది మీటర్ల దూరంలో ఉండాలి. కంచె బిగించేవాడికి ఈ సంగతి ముందే చెప్పి, చివర్లో పరీక్ష చేయించుకోండి.

కందకం తవ్వుదామనుకుంటే మీ సొంత గట్టు మీద తవ్వుకోవచ్చు. నాలుగడుగుల లోతు, పైన ఐదడుగుల వెడల్పు ఉంటే బర్రె దాటదు. మట్టిని లోపలి వైపు పోసి దాని మీద గచ్చకాయ గానీ వాక్కాయ గానీ కిత్తనార గానీ నాటండి. మూడేళ్లకు మేకలు కూడా దూరలేనంత చిక్కగా అల్లుకుంటుంది, కరెంటు బిల్లు లేని కంచె ఇది. రైలు కట్ట మొదట్లో మాత్రం తవ్వకండి, వానకు కట్ట జారుతుంది.

మోత చేసే మిషన్ల గురించి మీరు విన్నది నిజమే, కాకపోతే అవి మీకోసం చేసినవి కావు. అస్సాం వైపు ఈశాన్య సరిహద్దు రైల్వే గేట్ల దగ్గర తేనెటీగల రొద వినిపించే పెట్టెలు పెట్టింది. ఏనుగుకు తేనెటీగలంటే భయం కాబట్టి అక్కడ అది పనికొచ్చింది. జపాన్‌లో జింకలను తరిమికొట్టడానికి జింక బెదురు కూతనూ కుక్క అరుపునూ కలిపి రైలు నుంచి వినిపించి చూశారు. అవి అడవి జంతువులు. మీ బర్రె రోజూ ట్రాక్టరు హారన్లు, మైకులు, వరికోత మిషన్లు వింటూ పెరిగింది. మొదట్లో తల ఎత్తి చూస్తుంది, తర్వాత పట్టించుకోదు. ఆ డబ్బు మిగుల్చుకోండి.

జీపీఎస్ బెల్టుల్లో రెండు రకాలున్నాయి. మన దగ్గర ఎక్కువగా దొరికేవి పశువు ఎక్కడుందో ఫోన్‌లో చూపిస్తాయి తప్ప దాన్ని ఆపవు. పట్టాల దగ్గరికి వచ్చిందని మెసేజ్ వచ్చేసరికి మీరు పెద్దపల్లి మార్కెట్లో ఉంటే ఏం చేస్తారు? రెండో రకం నార్వే, న్యూజిలాండ్ లాంటి దేశాల్లో వాడుతున్నారు. ఫోన్‌లో గీసిన గీత దగ్గరికి పశువు రాగానే మెడలో శబ్దం మొదలవుతుంది, వెనక్కి తిరగకపోతే చిన్న షాక్ తగులుతుంది. మంచి పనిముట్టే, కానీ ఐదు బర్రెల రైతుకు లెక్క కుదరదు. సిగ్నల్ లేని గుంతలో అది ఏం చేస్తుందో కూడా ఆలోచించాలి. మంద ముందు నడిచే బర్రెకు మామూలు గంట కట్టండి, కాపరికి అంతకంటే బాగా ఉపయోగపడుతుంది. మెడకు వేలాడదీసే కొయ్య, అదే గుదిబండ, మాత్రం పట్టాల దగ్గర మేసే పశువుకు వద్దే వద్దు. ముందుకాళ్లకు బంధం కూడా వద్దు. పశువు పోవడం కొంత నెమ్మదిస్తుంది నిజమే, కానీ ఒకసారి పట్టాల మీదికి చేరితే ఆ కొయ్య కంకరలో, స్లీపర్ల మధ్య తగులుకుని దిగలేక నిలబడిపోతుంది.

ఇంజిన్ ముందు కింద ఉండే ఇనుప పలకను కాటిల్ గార్డ్ అంటారు గదా, దాని పని పశువును కాపాడటం అనుకునేవాళ్లు ఉన్నారు. అది రైలును కాపాడటానికి ఉంది. 1984 జూలై 30న స్కాట్లాండ్‌లో పోల్‌మాంట్ దగ్గర విరిగిన కంచెలోంచి వచ్చిన ఒక్క ఆవును ఢీకొని రైలు పట్టాలు తప్పింది. పదమూడు మంది చనిపోయారు. మన బర్రె ఆవుకంటే తక్కువ బరువుదేం కాదు.

కంచెకంటే ముందు, ఈ వానాకాలంలోనే, పది పదిహేను గుంటల నేలలో సూపర్ నేపియర్ గడ్డి పెట్టండి. మొదటి కోత రెండున్నర నెలలకు, తర్వాత నెలన్నరకోసారి వస్తుంది. పక్కనే కొంత దశరథ గడ్డి వేస్తే పాలకూ మంచిది. నీరు బర్రెకు ఎండాకాలంలో రోజుకు అరవై లీటర్ల వరకు కావాలి. తొట్టి చేనులోనే కట్టించండి. మధ్యాహ్నం రెండుసార్లు మోటారు పైపుతో తడిపినా, బోరు పక్కన చిన్న బురద గుంత చేసినా అది కట్ట వైపు చూడదు. ఇవన్నీ చేసినా ఎండాకాలం నాలుగు నెలలు బర్రెలను కొట్టంలోనే కట్టి మేపడం అన్నిటికంటే భద్రం అంటాను. పాలు తగ్గవు, పేడ కూడా మీ దొడ్లోనే పడుతుంది.

మేకలకు సోలార్ కంచె నమ్మకండి. వాటి ఒంటి మీద వెంట్రుకల వల్ల దెబ్బ సరిగ్గా తగలదు, రెండు తీగల మధ్య నుంచి దూరిపోతాయి. నాలుగైదు వరసలు, కింది తీగ జానెడు ఎత్తులో ఉండాలి. దానికంటే పదిహేను మేకలకు చైన్ లింక్ దొడ్డి, వెంట ఒక మనిషి మేలు.

మీ ఊళ్లో గేటు తీసేసి కింద నుంచి దారి వేశారేమో చూడండి. వానలకు ఆ దారిలో నీళ్లు నిలిస్తే మందలన్నీ పట్టాల మీదనుంచే పోతాయి. అది మీ ఒక్కరి వల్ల తీరే సమస్య కాదు. గ్రామపంచాయతీ తీర్మానం చేయించి రైల్వే సెక్షన్ ఇంజినీరు ఆఫీసులో ఇవ్వండి, రైల్వే హెల్ప్‌లైన్ 139కి కూడా ఫిర్యాదు చేయండి. పశువు పట్టాల మీద కనిపిస్తే స్టేషన్‌కు గానీ, గేట్‌మన్‌కు గానీ, 139కి గానీ వెంటనే చెప్పండి. రైలు వస్తుండగా దాన్ని తోలడానికి మీరు పట్టాల మీదికి ఎక్కవద్దు.

పరిహారం సంగతి. పట్టాల మీదికి పోయి చనిపోయిన పశువుకు రైల్వే డబ్బు ఇస్తుందని పెట్టుకోకండి. 1989 రైల్వే చట్టం 147 సెక్షన్ కింద రైల్వే స్థలంలోకి చొరబడితే ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉంటాయి. నిర్లక్ష్యంతో ప్రయాణికులకు ప్రమాదం తెస్తే 154 సెక్షన్ కింద ఏడాది దాకా జైలు పడొచ్చు. పశువుల యజమానుల మీద ఈ సెక్షన్లు వాడుతున్నారు. మీకు ఆసరా బీమాయే. జాతీయ లైవ్‌స్టాక్ మిషన్ కింద 2024లో మార్చిన నిబంధనల ప్రకారం ప్రీమియంలో రైతు వాటా 15 శాతం. మిగతాది కేంద్రం, రాష్ట్రం భరిస్తాయి. మీ మండలంలో ఇప్పుడు నమోదు నడుస్తుందో లేదో పశువైద్యుణ్ని అడగండి. చెవికి పన్నెండు అంకెల పసుపు ట్యాగు తప్పకుండా ఉండాలి. ట్యాగు ఊడితే అదే వారంలో కొత్తది వేయించండి. పశువు చనిపోతే చెవి కోసేయకుండా, పూడ్చకుండా ఫోటోలు తీసి, బీమా కంపెనీకి ఫోన్ చేసి, డాక్టరుతో పోస్టుమార్టం చేయించి ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. దెబ్బ తగిలి బతికున్న పశువుకైతే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల బండి వస్తుంది.