బత్తాయి రేటు పక్కన ' ఎక్కడిది?

ప్రశ్న: బత్తాయి రైతుల కోసం చిన్న వెబ్‌సైటు నడుపుతున్నాం. రైతు రాసిన వివరాన్ని పీహెచ్‌పీ నుంచి జేసన్‌లో (డేటా పంపే ఒక రూపం) పంపిస్తే ' ఉన్నచోట తెర మీద ' అని పడుతోంది. మధ్యలో ఎంటర్ కొట్టి ఉంటే పేజీయే ఆగిపోతోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: ఇవి రెండు వేర్వేరు తప్పులు. జేసన్‌ను పీహెచ్‌పీ చుక్క గుర్తుతో ముక్కలు ముక్కలుగా అతికించి తయారుచేస్తున్నట్టున్నారు. జేసన్ స్ట్రింగులో (కోట్స్ మధ్య రాతలో) కొత్త లైను నేరుగా రాకూడదు, వస్తే బ్రౌజరుకు అర్థం కాదు. మార్చకుండా " వచ్చినా ఇదే గతి, స్ట్రింగు అక్కడే ముగుస్తుంది. ఆ పనిని పీహెచ్‌పీలోని జేసన్_ఎన్‌కోడ్ ఫంక్షన్‌కు అప్పజెప్పండి, హెడర్‌లో కంటెంట్ టైపు అప్లికేషన్/జేసన్ అని పెట్టండి.

' మాత్రం హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ (గుర్తులను హెచ్‌టీఎంఎల్ కోడ్‌గా మార్చే పీహెచ్‌పీ ఫంక్షన్) పని. డేటాబేసులో దాచేటప్పుడే అది వాడి, తర్వాత జావాస్క్రిప్టులో టెక్స్ట్‌కంటెంట్‌తో (వచ్చిన రాతను ఉన్నదున్నట్టే చూపేది) చూపిస్తే ఆ కోడ్ అలాగే కనబడుతుంది. రాసింది రాసినట్టే దాచండి. టెక్స్ట్‌కంటెంట్‌కు ఎస్కేప్ (గుర్తులను ఇలా కోడ్‌గా మార్చడం) అక్కర్లేదు. పాత రికార్డులకు బ్యాకప్ తీసి, ఆ కోడ్‌ను తిరిగి గుర్తుగా మార్చే హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్_డీకోడ్ ఒక్కసారే నడపండి. పీహెచ్‌పీ 8.1 కంటే పాతదైతే దానికి ఈఎన్‌టీ_కోట్స్ అనే ఫ్లాగు కూడా ఇవ్వాలి, లేకుంటే ' తిరిగి ' గా మారదు.

టెక్స్ట్‌కంటెంట్ బదులు ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌కు (రాతను హెచ్‌టీఎంఎల్‌గా చదివేది) మారిస్తే ' మాయమవుతుంది, నిజమే. ఆ దారి పట్టకండి. అందులో స్క్రిప్టు ట్యాగు నడవదని చాలామందికి ధీమా. కానీ ఎవరైనా వివరంలో ఇమేజి ట్యాగు పెట్టి, ఆన్‌ఎర్రర్‌లో కోడు రాస్తే చాలు, బొమ్మ దొరకని మరుక్షణం ఆ కోడు నడుస్తుంది. బోల్డు, లింకులు తప్పవంటే ప్రమాదకర కోడును తీసేసే డామ్‌ప్యూరిఫై లైబ్రరీతో వడగట్టి, ఆ రెండు ట్యాగులకే అనుమతివ్వండి.