విశాఖ కొండల మీద నుంచి నక్షత్రాల పేలుళ్లను అతినీలలోహిత కాంతిలో చూడగలమా?

చూడలేం. కైలాసగిరి మీద ఎంత పెద్ద టెలిస్కోప్ పెట్టినా, దాదాపు 300 నానోమీటర్ల కన్నా తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి అక్కడిదాకా రాదు. పైనున్న ఓజోన్ పొర దాన్ని మింగేస్తుంది. అందుకే ఇలాంటి టెలిస్కోప్‌ను అంతరిక్షంలోకి పంపాల్సిందే.

పంపాక మాత్రం చిన్నదైనా చాలు. పేలుడు జరిగిన మొదటి గంటల్లో పదార్థం విపరీతమైన వేడి మీద ఉంటుంది కాబట్టి వెలుగులో ఎక్కువ భాగం అతినీలలోహితమే. చల్లారేకొద్దీ అది తగ్గిపోతుంది. అప్పుడు కావాల్సింది భారీ అద్దం కన్నా చటుక్కున అటు తిరగగలగడం. అసలు కష్టం వేరే చోట ఉంది: మామూలు గాజు ఈ కాంతిని ఆపేస్తుంది, అందుకే అల్యూమినియం పూత వేసిన అద్దాలు వాడతారు. మామూలు వెలుగు సెన్సర్‌లోకి చొరబడకుండా మంచి ఫిల్టర్లూ కావాలి.

2004లో ప్రయోగించిన స్విఫ్ట్ ఉపగ్రహంలోని అతినీలలోహిత టెలిస్కోప్ అద్దం 30 సెంటీమీటర్లే, అంటే మన స్కూలు స్కేలంత! 2017 ఆగస్టులో, సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు (పెద్ద నక్షత్రాలు పేలిపోయాక మిగిలే అతి దట్టమైన ముద్దలు) ఢీకొన్న జాడ మనకు అందింది. ఆ వెలుగును స్విఫ్ట్ దాదాపు 15 గంటలకే పట్టింది. కొద్ది రోజుల్లోనే అది మసకబారింది.

‘ఆర్కే బీచ్‌లో ఎండకు చర్మం నల్లబడుతోంది కదా, మరి ఆ కిరణాలు వస్తున్నట్టేగా?’ అని చాలామంది అనుకుంటారు. వచ్చేవి ఎక్కువగా 315 నుంచి 400 నానోమీటర్ల మధ్యవి. ఈ టెలిస్కోప్‌లు వెతికేది అంతకన్నా పొట్టి తరంగాల్ని.