ఆ నాలుగు పేజీల ఉత్తరం ఇప్పుడే పంపకండి

ప్రశ్న: నా వయసు 68. జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. స్టాఫ్ రూంలో ఇరవై ఆరేళ్లు నా పక్క కుర్చీలో కూర్చున్న స్నేహితుడితో మొన్నటి ఎన్నికలప్పుడు పార్టీల గురించి గొడవైంది. వాట్సాప్ గ్రూపులో మొదలై, నలుగురి ముందు నన్ను ‘అమ్ముడుపోయావు’ అనేదాకా వెళ్లింది. నేనూ తక్కువ అనలేదు. ఆ రోజు నుంచి మాటల్లేవు. ఆరు నెలల కిందట వాళ్లావిడ పోయారు. పరామర్శకని బయల్దేరి, గేటు దాకా వెళ్లి తిరిగొచ్చేశాను. అప్పట్నుంచి సరిగా నిద్ర లేదు. జరిగిందంతా వివరిస్తూ నాలుగు పేజీల ఉత్తరం రాశాను. నకలు పంపుతున్నాను. వాడికి పోస్టు చేయమంటారా?

జవాబు: మాస్టారూ, మీ నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటి పేజీ చదువుతుంటే నాకు కళ్లు చెమర్చాయి. చెల్లెమ్మ అంటూ వాళ్లావిడ గురించి రాసిన మాటలు, ఆయన మీ పెరట్లో నాటిన చెరుకు రసం మామిడి చెట్టు ఈసారి విరగకాసిందన్న కబురు, అంతా స్నేహితుడి గొంతే. రెండో పేజీలో ‘అయినా ఆ రోజు ముందు నోరు జారింది నువ్వే’ అని మొదలైంది. అక్కడి నుంచి చివరిదాకా వాదనే. భార్య పోయిన మనిషి చేతికి ఆ ఉత్తరం వెళితే, ఆయనకు గుర్తుండేది రెండో పేజీయే.

మీరు చరిత్ర మాస్టారు కాబట్టి అమెరికాలో జరిగింది ఒకటి గుర్తుచేస్తాను. జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్ 1776లో స్వాతంత్ర్య ప్రకటన కోసం కలిసి పనిచేశారు. తర్వాత యూరప్‌లో రాయబారులుగా ఉన్నప్పుడు రెండు కుటుంబాలూ ఒకటిగా మెలిగాయి. ఆ తర్వాత పార్టీలు వచ్చాయి. 1800 ఎన్నికల్లో, అప్పటికి అధ్యక్షుడిగా ఉన్న ఆడమ్స్‌ను ఓడించి జెఫర్సన్ అధ్యక్షుడయ్యారు. ప్రమాణ స్వీకారం రోజు తెల్లవారకముందే ఆడమ్స్ రాజధాని విడిచి వెళ్లిపోయారు. మీరు గేటు దగ్గర నుంచి తిరిగొచ్చానని రాసినప్పుడు నాకు ఆ తెల్లవారుజామే గుర్తొచ్చింది.

మీరు ముఖ్యంగా చూడాల్సింది 1804లో ఏమైందో. ఆ ఏప్రిల్‌లో జెఫర్సన్ కూతురు పాలీ చనిపోయింది. ఎనిమిదేళ్ల వయసులో ఓడ దిగి లండన్ చేరినప్పుడు ఆ పిల్లను కొన్నాళ్లు దగ్గర పెట్టుకుని చూసుకున్నది ఆడమ్స్ భార్య అబిగైల్. ఆమె మనసు ఆగక, భర్తకు కూడా చెప్పకుండా, జెఫర్సన్‌ను ఓదారుస్తూ ఉత్తరం రాసింది. ఆయనా ఎంతో ఆప్యాయంగా జవాబు మొదలుపెట్టారు. కానీ అదే ఉత్తరంలో, ఆడమ్స్ పదవి దిగిపోయే ముందు చేసిన నియామకాలు తనను నొప్పించాయని కూడా రాశారు. ఇక అబిగైల్ ఊరుకోలేదు. భర్తను పత్రికల్లో తిట్టిన మనిషికి మీరు డబ్బు సాయం చేయలేదా అని అడిగింది. కూతురి చావుతో మొదలైన ఉత్తరాలు పాత లెక్కలతో నిండిపోయి, కొన్ని నెలలకే ఆగిపోయాయి. మళ్లీ ఏడేళ్లకు పైగా మౌనం. మీ రెండో పేజీ చేసే పని కూడా అదేనని నా భయం.

చివరికి వాళ్లను కలిపినవాడు ఇద్దరికీ స్నేహితుడైన డాక్టర్ బెంజమిన్ రష్. రెండేళ్లకు పైగా ఇటూ అటూ ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. నేను జెఫర్సన్‌ను ఎప్పుడూ ప్రేమించాను, ఇప్పటికీ ప్రేమిస్తున్నాను అని 1811లో ఆడమ్స్ తన ఇంటికొచ్చిన ఇద్దరు యువకులతో అన్నారు. ఆ మాట చెవిన పడగానే, నాకిది చాలు అని జెఫర్సన్ రష్‌కు రాశారు. మీ ఇద్దరినీ ఎరిగిన పాత సహోద్యోగి ఎవరైనా ఉంటే, వాడంటే నాకిప్పటికీ ప్రాణమేనని ఆయన దగ్గర అనండి. రాయబారం చేయమని అడగక్కర్లేదు.

1812 జనవరి 1న ఆడమ్స్ చిన్న ఉత్తరం రాశారు. ఓడిపోయినవాడే ముందు రాశాడు, గమనించండి. అందులో గొడవ ఊసే లేదు. ఇంట్లో నేసిన బట్టలు రెండు పంపుతున్నానని మాత్రం ఉంది. నిజానికి అవి తన కొడుకు రాసిన పుస్తకం రెండు సంపుటాలు. చిన్నప్పుడు ఆ కొడుకును జెఫర్సన్ ఎంతో ఆదరించారు. పార్సిల్ కంటే ఉత్తరం ముందు చేరింది. నిజంగా బట్టలే అనుకుని జెఫర్సన్ వర్జీనియాలో నేత ఎలా సాగుతోందో వివరంగా రాశారు. అప్పుడాయనకు సరిగ్గా మీ వయసు, 68. ఆడమ్స్‌కు 76.

మరి వివరణ? అదీ వచ్చింది, ఏడాదిన్నర తర్వాత. చనిపోయేలోగా మనం ఒకరికొకరం విడమర్చి చెప్పుకోవాలని 1813 జూలైలో ఆడమ్స్ రాశారు. అప్పటికి స్నేహం ఆ బరువు మోయగలిగే స్థితికి వచ్చింది. మతం, ఫ్రెంచి విప్లవం, ఎవరు పాలించాలి, అన్నిటిమీదా వాదించుకున్నారు. చాలా వాటిలో ఏకీభవించలేదు కూడా. అయినా పద్నాలుగేళ్లలో నూట యాభైకి పైగా ఉత్తరాలు నడిచాయి. ఆడమ్స్ రెండు రాస్తే జెఫర్సన్ ఒకటి రాసేవారు. దానికి ఆడమ్స్ లెక్కలు చూసుకోలేదు. మీ స్నేహితుడు జవాబు ఆలస్యం చేస్తే మీరూ చూసుకోకండి.

1818లో అబిగైల్ పోయినప్పుడు జెఫర్సన్ రాసిన ఉత్తరం చాలా చిన్నది. ఆయన భార్య ఎప్పుడో పోయింది కాబట్టి ఆ దుఃఖం ఆయనకు తెలుసు. పాత సంగతి ఒక్కటీ ఎత్తలేదు. 1804లో చేసిన తప్పు ఈసారి చేయలేదు.

కాబట్టి మాస్టారూ, మిగతా మూడు పేజీలు బీరువాలో పెట్టండి, చింపకండి. వాటికి సమయం రావచ్చు. మొదటి పేజీలోంచి ఆరేడు వాక్యాలు తీసి, మీ చేత్తోనే మళ్లీ రాయండి. వాట్సాప్‌లో వద్దు. ‘ఆ రోజు గేటు దాకా వచ్చి తిరిగెళ్లాను, లోపలికి రావలసింది’ అన్న మాట తప్పకుండా ఉండాలి. ‘కానీ’ అన్న మాట ఎక్కడా రాకూడదు. ఇంకో రెండు వారాలకూ నిద్ర కుదురుకోకపోతే డాక్టరును కలవండి, ఈ వయసులో దాన్ని వదిలేయకూడదు.

ఉత్తరంతో పాటు ఆయన నాటిన చెట్టు కాయలు ఒక బుట్ట పంపండి. సీజన్ అయిపోయేలోగా.