పనస పిందెలు నల్లబడి రాలుతున్నాయా? ముందు మగపూతో, ఆడపూతో చూడండి

ప్రశ్న: ఆరేండ్ల కింద చెల్కల పన్నెండు పనస మొక్కలు పెట్టిన. గింజ మొక్కలే. నిరుడు, ఈ ఏడు వేలంత పిందెలు వచ్చి, నల్లగై బూజు పట్టి రాలిపోతున్నయి. దుకాణంల ఇచ్చిన మందులు రెండుసార్లు కొట్టిన, ఆగలే. సీమపనస గూడ పెట్టాలని ఉంది, మన దిక్కు వస్తదా?
– ఒక రైతు, మునుగోడు మండలం, నల్లగొండ జిల్లా

జవాబు: మందు ఆపండి. మీరు రాసిన తీరు చూస్తే రాలుతున్నవి చాలావరకు పిందెలు కావు, మగపూత. పనసలో మగపూత, ఆడపూత ఒకే చెట్టుకు విడివిడిగా వస్తాయి. లేత చెట్టుకు పూత మొదలైన ఒకటి రెండేళ్లు మగపూతే ఎక్కువ. పుప్పొడి రాల్చాక దాని పని అయిపోతుంది, నల్లబడి బూజు పట్టి రాలుతుంది. అది ఏ మందుకూ ఆగదు, ఆగాల్సిన అవసరమూ లేదు.

పొద్దున్నే చెట్టు దగ్గర నిలబడి చూడండి. మగపూత సన్నటి కాడతో, ఎక్కువగా చిన్న కొమ్మల చివర్న ఆకుల మధ్య ఉంటుంది. విచ్చుకున్నప్పుడు వేలితో తాకితే పసుపు పొడి అంటుతుంది. ఆడపూత మొద్దుకు, లావు కొమ్మలకు వస్తుంది. కాడ లావుగా ఉండి, పిందె మొదలు దగ్గర ఉంగరంలాంటి పట్టీ కనిపిస్తుంది, ఒళ్లంతా గరుకుగా ఉంటుంది. మగపూతను చెట్టు మీద ఉండగా తుంచకండి. అది లేకపోతే ఆడపూత కాయ కట్టదు.

ఆ లావు కాడ పిందెలే మెత్తబడి నల్లబూజు కమ్మితే మాత్రం అది రైజోపస్ అనే బూజుతో వచ్చే కుళ్లు. రాలిన మగపూత మీద పెరిగే బూజే గాలికి, వాన చినుకులకు పిందెలకు చేరుతుంది. అందుకే రాలినవి రోజూ ఏరి గుంత తీసి పూడ్చండి, నా దృష్టిలో సగం వైద్యం ఇదే. కుళ్లు కనబడితే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజు మందు కలిపి మొద్దు, పిందెలు తడిసేలా పిచికారీ చేయండి. మూడు వారాలకు మరోసారి చాలు. పిందె నిలిచాక బోరు నీళ్లు కొద్దికొద్దిగా ఇస్తూ, పాదులో ఎండుటాకులు పరవండి. పాదులో నీళ్లు నిలవనివ్వకండి, పనస వేరు ఓర్చుకోదు.

ఇక సీమపనస (బ్రెడ్‌ఫ్రూట్). మన పనసకు, మేడికి, మర్రికి చుట్టమే, గిల్లితే అదీ పాలు కారుస్తుంది. అయితే అది పసిఫిక్ దీవుల చెట్టు. ఏడాదికి 1500 మిల్లీమీటర్లకు మించిన వాన, తేమ గాలి దానికి ఇష్టం. మనకు పడేది అందులో సగం అటూఇటూ, పైగా మే నెల వడగాలి. ఎకరాల్లో పెట్టమని నేను చెప్పలేను. మనసు పడ్డారు కాబట్టి, ఇంటి వెనక వాడిన నీళ్లు పారే చోట, మామిడి చాటున ఒక్క మొక్క పెట్టి చూడండి. గింజ లేని రకం ఎక్కువగా వేరు పిలకలతో వస్తుంది. అదే రకమని ఎవరైనా గింజలు అమ్మితే కొనకండి.