బార్సిలోనా బీచ్‌కి పర్సనల్ లోన్: ఒకే 1.60 లక్షలను మూడుసార్లు లెక్కపెట్టారు

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటాం. మావారు సాఫ్ట్‌వేర్, నేను ప్రైవేట్ స్కూల్లో టీచర్ని. ఇద్దరిదీ కలిపి నెలకు చేతికి 1.37 లక్షలు వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 41 వేలు, కారుకి 11,500 (ఇంకో 8 నెలలు), అత్తమామలకు 10 వేలు, పాప ఫీజుతో కలిపి ఇంటి ఖర్చు 58 వేలు. బ్యాంకులో 1.60 లక్షలు అత్యవసరానికని ఉంచాం. కంపెనీ ఇచ్చిన 3 లక్షల ఆరోగ్య బీమా ఉంది. ఈ జూన్‌లో మా పదో పెళ్ళిరోజు. ఏడేళ్ళ పాపతో పది రోజులు బార్సిలోనా వెళ్ళి, బీచ్ పక్కన హోటల్లో ఉండాలని ఆశ. 6.80 లక్షలు అవుతుంది. బ్యాంకు 14 శాతం వడ్డీకి మూడేళ్ళకు 6 లక్షలు ప్రీ అప్రూవ్డ్ లోన్ ఇస్తానంటోంది. మిగతా 80 వేలు సేవింగ్స్ నుంచి తీస్తాం. ఏటా 1.20 లక్షల బోనస్ వస్తుంది కాబట్టి ఇబ్బంది ఉండదనుకుంటున్నాం. లోన్ తీసుకోవడం మంచిదా, బంగారం పెట్టడం మంచిదా?

జవాబు: రెండూ వద్దమ్మా. ఇంత కచ్చితంగా చెప్పడానికి కారణం మీ లెక్కలోనే ఉంది. ఇదే లెక్కను ఈ మధ్య చాలామంది వేస్తున్నారు కాబట్టే మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను.

బ్యాంకులో ఉన్న ఆ 1.60 లక్షలను మీరు మూడు చోట్ల రాసుకున్నారు. ఒకచోట అత్యవసర నిధి అన్నారు. ఇంకోచోట అందులోంచే 80 వేలు ప్రయాణానికి తీస్తామన్నారు. వీసాకి ఇచ్చే స్టేట్‌మెంట్‌లో నిల్వగా చూపించబోయేదీ ఆ డబ్బే. ఉన్నది ఒక్కటే మొత్తం. ఒక పనికి వాడితే మిగతా రెండింటికీ ఉండదు.

మీరిచ్చిన అంకెలే కూడి చూశాను. ఏం జరిగినా ఆగని ఖర్చు మీకు నెలకు 1,20,500. అంటే 1.60 లక్షలు 40 రోజులకు వస్తాయి. అందులోంచి 80 వేలు తీస్తే 20 రోజులు. మీవారి ఉద్యోగం పోతే కొత్తది దొరకడానికి 20 రోజులు చాలతాయా? పాపకు డెంగీ వచ్చి, ఆసుపత్రి వాళ్ళు బీమా అనుమతి వచ్చేలోపు అడ్వాన్స్ కట్టమంటే కార్డు గీకాల్సిందే. కార్డు బాకీ తిప్పుకుంటూ పోతే వడ్డీ ఏడాదికి 40 శాతం దాటుతుంది.

ఇప్పుడు లోన్ సంగతి. 6 లక్షలకు 14 శాతం మీద 36 నెలలకు ఈఎంఐ సుమారు 20,500. మీకు నెలాఖరుకి మిగిలేది 16,500. మొదటి నెల నుంచే 4 వేలు తక్కువ. ఇద్దరి జీతాలూ చక్కగా పడుతున్నప్పటి మాట ఇది. అన్ని ఈఎంఐలూ కలిపితే 73 వేలు, అంటే ఇంటికొచ్చే ప్రతి వంద రూపాయల్లో 53 అప్పులకే. వడ్డీ 1.38 లక్షలు. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం అనుకుంటే జీఎస్టీతో కలిపి మరో 14 వేలు ముందే కోసుకుని ఇస్తారు. బోనస్ ఉందిగా అంటారు. కంపెనీ ఇబ్బందుల్లో పడితే జీతం కంటే ముందు ఆగేది బోనసే.

2020 వేసవిలో ఒక దంపతులు నా దగ్గరికి వచ్చారు. అంతకుముందు డిసెంబరులో పర్సనల్ లోన్‌తో యూరప్ చూసొచ్చారు. ఏప్రిల్ నుంచి ఆయన జీతం సగమైంది. ఆవిడ బంగారం తాకట్టు రసీదు నా బల్ల మీద పెట్టి, వేలితో చూపిస్తూ చదివారు: "రెండు జతల గాజులు, ఒక నల్లపూసల గొలుసు." ప్రయాణం అప్పు వాయిదా కట్టడానికి పెట్టిన నల్లపూసలు అవి. నెల రోజుల ఖర్చు కూడా విడిగా లేకపోవడం వల్ల జరిగిందది. ఆ రసీదు గుర్తున్నవాణ్ణి కాబట్టే, బంగారం పెట్టమంటారా అని మీరడిగితే వడ్డీ తక్కువే కదా అని తేలిగ్గా తలూపలేను. మీకు సరిపడా అత్యవసర నిధి లేని ఈ పరిస్థితిలో నిజంగా ఆపద వస్తే మిగిలే ఆధారం ఆ బంగారమొక్కటే. దాన్ని సముద్రం చూడ్డానికి పెట్టకండి.

వీసా విషయంలోనూ లోన్ మీకు సాయం చేయదు. అధికారులు నిల్వ ఎంతుందో చూసి ఊరుకోరు, అది ఎలా వచ్చిందో కూడా చూస్తారు. నెలల తరబడి లక్షన్నర దగ్గరున్న ఖాతాలో ఒక్కసారి ఆరు లక్షలు పడితే సందేహం వస్తుంది. స్పెయిన్‌తో సహా చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా పనికొచ్చే షెంజెన్ వీసా ఫీజు పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళలోపు పిల్లలకు 45. ముగ్గురికీ 225 యూరోలు, యూరో 105 రూపాయలనుకుంటే 23 వేల పైనే. వీసా నిరాకరిస్తే అది వెనక్కి రాదు. రిఫండ్ లేని టికెట్ల డబ్బూ పోతుంది. లోన్ ఈఎంఐ మాత్రం ఠంచనుగా వస్తుంది.

ఇంకో మాట. ఆ వీసా కోసం మీరు కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తీసుకోవాలి. అంటే స్పెయిన్‌లో ఉండే పది రోజులకు మనిషికి 30 లక్షలకు పైగా రక్షణ. హైదరాబాద్‌లో ఉండే మిగతా 355 రోజులకు ముగ్గురికీ కలిపి 3 లక్షలు, అదీ మీవారు ఆ కంపెనీలో ఉన్నంతవరకే. ముందు 10 లక్షల సొంత ఫ్యామిలీ ఫ్లోటర్, అంటే ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా, తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి పాలసీల ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు.

బార్సిలోనా వద్దని నేననడం లేదు. రెండేళ్ళ పైచిలుకు ఆగమంటున్నాను, అంతే. ఎనిమిది నెలలు నెలకు 16,500 పక్కన పెట్టండి. కారు అప్పు తీరాక అదే 28 వేలవుతుంది, ఆగని ఖర్చు 1.09 లక్షలకు దిగుతుంది. ఆరు నెలల నిధి అంటే 6.54 లక్షలు. జీతం ఒక్క రూపాయి పెరగకపోయినా, రెండు బోనస్‌లతో, ఇప్పుడున్న 1.60 లక్షలతో కలిపి 28 నెలల్లో దాదాపు 10.90 లక్షలు చేరతాయి. నిధి, బీమా ప్రీమియం పోగా నాలుగు లక్షలకు కాస్త అటూఇటూ మీ ప్రయాణానికి మిగులుతుంది. అప్పటికి పాపకు తొమ్మిదేళ్ళు, తను చూసినవి తనకు గుర్తుంటాయి కూడా. అత్యవసర నిధిని వేరే బ్యాంకు ఖాతాలో, లిక్విడ్ ఫండ్‌లో (అవసరమైనప్పుడు త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) సగం సగం పెట్టండి. ఈ ఖాతా డెబిట్ కార్డు ఇంట్లో బీరువాలోనే ఉండాలి. ప్రయాణం డబ్బుకి రికరింగ్ డిపాజిట్ చాలు, షేర్ల జోలికి వెళ్ళొద్దు.

నాలుగు లక్షల్లో సరిపోవాలంటే పది రోజులను ఏడు చేయండి, బీచ్ పక్కన హోటల్ మానేయండి. బార్సిలోనెటా, బొగాటెల్, నోవా ఇకారియా తీరాలకు ఎవరైనా ఉచితంగా వెళ్ళొచ్చు. పసుపు రంగు మెట్రో లైన్ ఎల్4 ఆ తీరం వెంబడే వెళ్తుంది. ఆ లైన్ మీద నాలుగైదు స్టేషన్లు లోపలికి గది తీసుకుంటే ఉదయం పాపను తీసుకుని ఇసుకలోకి దిగడానికి అరగంట దాకా పడుతుంది. జులై, ఆగస్టులో రద్దీ, ధరలు రెండూ ఎక్కువ. మన బడులు తెరిచేలోపు, జూన్ మొదటి వారం మంచిది. నీళ్ళు కాస్త చల్లగా ఉంటాయి, పిల్లలు పట్టించుకోరు. హోటల్ బిల్లుకు తోడు పెద్దలకు రాత్రికింత అని పర్యాటక పన్ను ఉంటుంది, దాన్ని బడ్జెట్‌లో రాసుకోండి. ప్యాకేజీ తీసుకుంటే అమ్మేవాళ్ళు ముందే వసూలు చేసే పన్ను (టీసీఎస్) మీ ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది.

అక్కడ మామూలు క్రెడిట్ కార్డు గీకితే విదేశీ కరెన్సీ మార్పిడికని బ్యాంకు వేసే అదనపు రుసుము (మార్కప్) సుమారు 3.5 శాతం, దానిపై జీఎస్టీ. అందుకే ముందే యూరోలు నింపుకునే ఫారెక్స్ కార్డు తీసుకెళ్ళండి. మెషిన్ రూపాయల్లోనా, యూరోల్లోనా అని అడిగితే యూరోలే నొక్కండి. బార్సిలోనాలో జేబుదొంగల బెడద నిజం. ముగ్గురూ ఒకేసారి నీళ్ళలోకి దిగి సంచి ఇసుక మీద వదలకండి. పాస్‌పోర్టులు గదిలో ఉంచి, జిరాక్స్ తీసుకెళ్ళండి.

పదో పెళ్ళిరోజుకి ఈ జూన్‌లో ఎక్కడికైనా వెళ్ళాలనుంటే విశాఖ, భీమిలి వెళ్ళి మూడు రోజులు ఉండి రండి. 25 వేలు దాటనివ్వకండి, అది కూడా ఆ నెల మిగులు, ముందు నెల మిగులు కలిపి పెట్టాలి. 1.60 లక్షల్లోంచి తీయొద్దు. ప్రీ అప్రూవ్డ్ లోన్ గురించి మళ్ళీ ఫోన్ వస్తే అక్కర్లేదని చెప్పి, ఆ మెసేజ్‌లు ఆపేయమనండి.